బిరడా తీసేదెప్పుడు?

యాభై దాటిన హీరో తెర మీద హుషారుగా స్టెప్పులేశాడనుకోండి, అభిమానులు అనే మాట ఒకటుంది... 'మావాడు పాత వైన్ లాంటోడు. వయసు పెరిగేకొద్దీ ఇంకా బాగుంటాడు' అని. పోలిక బాగానే ఉంది కానీ, అందులో చిన్న చిక్కుంది. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం పాతబడితే బాగుపడదు, పాడవుతుంది! రెండు మూడేళ్లలో తాగేయడానికే దాన్ని చేస్తారు. పదేళ్లు అటక మీద దాచి అపురూపంగా తీస్తే, సీసాలోంచి వచ్చేది పుల్లటి నీళ్లే.

మరి ఆ మాట ఎలా పుట్టింది? ఏవో కొన్ని సీసాలు మాత్రం నిజంగానే అలా ఉంటాయి కాబట్టి. తయారైన కొత్తలో నోట్లో పెట్టుకోలేనంత వగరుగా, మొరటుగా ఉండి, ఇరవై ఏళ్లకు మెత్తబడి, నలభై ఏళ్లకు నోరూరించే రకాలవి. అటువంటివి పండే చోట్లు భూమ్మీద తక్కువ. వాటిలో ఒకటి ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఉంది. పేరు మోంతల్చీనో.

సియెనా నగరానికి దక్షిణంగా సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద కట్టిన పాత ఊరది. సముద్ర మట్టానికి 560 మీటర్లకు పైగా ఎత్తు. పైన 14వ శతాబ్దం నాటి కోట, కింద నాలుగు వైపులా ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు. 1555లో సియెనా శత్రువుల చేతికి చిక్కితే, లొంగడం ఇష్టంలేని కొందరు ఈ గుట్టెక్కి మరో నాలుగేళ్లు తమ గణతంత్రాన్ని ఇక్కడి నుంచే నడిపారు. ఓపిక పట్టడం ఈ ఊరికి ఆనాటి నుంచే అలవాటేమో!

సరిగ్గా నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1955లో, ఇక్కడి గ్రెప్పో అనే ఎస్టేట్‌లో కోసిన ద్రాక్షతో ఒక వైన్ తయారైంది. బియోందీ సాంతీ కుటుంబం చేసిన 'బ్రునెల్లో ది మోంతల్చీనో రిజర్వా'. మన దగ్గర 'మిస్సమ్మ' ఆడుతున్న సంవత్సరం. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరం. ఆ పంట నుంచి వచ్చిన సీసాలు పద్నాలుగేళ్ల తర్వాత, 1969లో, లండన్‌లోని ఇటలీ రాయబార కార్యాలయంలో తేలాయి. ఇటలీ అధ్యక్షుడు జుసెప్పే సారగత్ బ్రిటన్ పర్యటనకు వెళ్లి ఎలిజబెత్ రాణికి ఇచ్చిన విందులో పోసింది అదే. 1999లో అమెరికాకు చెందిన 'వైన్ స్పెక్టేటర్' పత్రిక ఇరవయ్యో శతాబ్దపు మేటి వైన్లంటూ డజను పేర్లు ఏరితే, ఇటలీ నుంచి చోటు దక్కింది ఈ ఒక్కదానికే.

ఆ వైన్‌కిప్పుడు డెబ్భై ఏళ్లు. సీసాలు ఇంకా ఉన్నాయి. కొన్ని నేలమాళిగల్లో, కొన్ని సంపన్నుల అల్మరాల్లో, అప్పుడప్పుడు వేలంపాటల్లో. అవి చేతిలో ఉన్న ప్రతి ఒక్కరినీ వేధించే ప్రశ్న మాత్రం ఒక్కటే. తీయాలా, ఇంకా ఆగాలా?

వగరే ఆయువు

పచ్చి అరటికాయ కొరికినా, నేరేడుపళ్లు గుప్పెడు తిన్నా, వక్క నమిలినా నాలుక దగ్గరికి లాగినట్లు బిగుసుకుపోతుంది చూశారా... అదే వగరు. శాస్త్రవేత్తలు టానిన్లు అంటారు. ద్రాక్షలో ఇవి తొక్కలోను, గింజల్లోను ఉంటాయి. ఎర్ర వైన్ కోసం రసాన్ని తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు కాబట్టి ఆ వగరంతా దిగుతుంది. ఓక్ చెక్క పీపాల్లో నిలవ ఉంచినప్పుడు చెక్క నుంచి ఇంకొంచెం చేరుతుంది.

బ్రునెల్లోకు వాడే ద్రాక్ష పేరు సాంజోవేసే. జూపిటర్ దేవుడి రక్తం అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పేరు ఎంత ఘనంగా ఉన్నా దీని రసం మాత్రం మరీ చిక్కటి నలుపు కాదు. కానీ పులుపూ, వగరూ మాత్రం దండిగా ఉంటాయి. కొత్తలో తాగేవాడికి ఈ రెండూ శత్రువులు. కాలానికి ఎదురు నిలిచేది మాత్రం వీటి బలంతోనే. మన పాత చింతపండునే తీసుకోండి. అంత పులుపు ఉండబట్టే కదా ఏడాది దాటినా చెడదు!

సీసాలో పోసి బిరడా బిగించాక లోపల జరిగే పని చాలా నెమ్మది. టానిన్లు ఒకదానికొకటి, రంగుపదార్థాలతోనూ ముడిపడి పెద్దవవుతాయి. పెద్దవై బరువెక్కినవి కొన్ని అడుగుకు దిగుతాయి. అదే మడ్డి. అలా కొంత వగరూ, దాంతోపాటు కొంత రంగూ కిందికి దిగిపోతాయి. అందుకే కెంపులా మెరిసిన వైన్ ఏళ్లు గడిచేకొద్దీ గోమేధికం రంగుకు, ఆపైన ఇటుక రంగుకు తిరుగుతుంది. సువాసనలూ మారతాయి. తాజా పళ్ల వాసన తగ్గి, ఎండబెట్టిన పళ్లవీ, ఆకులవీ, తోలువీ ముందుకొస్తాయి. ఇదంతా బిరడా గుండా దూరే అతి కొద్దిపాటి గాలితో సాగే తంతు. ఆ గాలి ఏ మాత్రం ఎక్కువైనా కథ ముగిసినట్టే.

కాబట్టి వైన్ దాచేవాళ్లు రెండు జాగ్రత్తలు తీసుకుంటారు. సీసాను పక్కకు పడుకోబెడతారు, బిరడా ఎప్పుడూ తడిగా ఉండి బిగువు సడలకుండా. ఉష్ణోగ్రతను 12, 14 డిగ్రీల దగ్గర కదలకుండా చూస్తారు. రాళ్లతో కట్టిన టస్కనీ నేలమాళిగల్లో ఆ చల్లదనం సహజంగానే ఉంటుంది. మన ఇళ్లలో? అమెరికా నుంచి వచ్చిన అల్లుడు విమానాశ్రయంలో కొన్న సీసాను మామగారు ముచ్చటగా షోకేసులో నిలబెడతారు. పక్కన వినాయకుడి బొమ్మ, తాజ్‌మహల్ బొమ్మ. అది అక్కడే నాలుగైదు వేసవులు చూస్తుంది. మే నెల ఎండలు ఆ నేలమాళిగల చల్లదనానికి మూడింతల వేడి. 'ఎంత పాతబడితే అంత మంచిదిగా' అనుకుంటూ పదో ఏట తీస్తే అప్పటికి అది వెనిగర్‌కు దగ్గరి చుట్టం! అలా షోకేసెక్కిన సీసా ఏదైనా ఇంట్లో ఉంటే, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

తాతగారి ఇల్లు, మనవడి పేరు

బ్రునెల్లో కథ పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మొదలైంది. క్లెమెంతే సాంతీ అనే ఆయన గ్రెప్పో ఎస్టేట్ యజమాని. రసాయనశాస్త్రం బాగా తెలిసినవాడు. ఆయన 1865 పంటతో చేసిన ఎర్ర వైన్‌కు 1869లో పక్కనున్న మోంతెపుల్చానో వ్యవసాయ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. బ్రునెల్లో అన్న పేరు అప్పటికే దానికి ఉంది. ఆయన కూతురు కతెరీనాను ఫ్లారెన్సుకు చెందిన బియోందీ అనే వైద్యుడికిచ్చి పెళ్లి చేశారు. వాళ్ల కొడుకు ఫెరూచ్చో. పదిహేడేళ్ల వయసులో, 1866లో, గరిబాల్డీ దళంలో చేరి యుద్ధం చేసొచ్చాడు. తర్వాత అమ్మమ్మగారి ఊరికి చేరి, తాతగారి తోటను చేతికి తీసుకున్నాడు. తండ్రి ఇంటిపేరు పక్కనే తల్లి పుట్టింటి పేరునూ చేర్చుకుని 'బియోందీ సాంతీ' అయ్యాడు.

ఆ రోజుల్లో టస్కనీలో ఎర్ర వైన్ అంటే ఏడాది రెండేళ్లలో తాగేసేదే. సాంజోవేసేలో వేరే రకాలు, తెల్ల ద్రాక్ష కూడా కలిపి వగరు తగ్గించేవారు. జనం కోరేది అదే. దానికి తోడు ఐరోపా అంతటా ద్రాక్ష వేళ్లను తినేసే ఫిలాక్సెరా పురుగు తోటలకు తోటలనే తుడిచిపెడుతున్న కాలం. అలాంటప్పుడు ఫెరూచ్చో చేసిన పని చూసి ఇరుగుపొరుగు నవ్వుకుని ఉంటే తప్పుపట్టలేం. తన తోటలో బలంగా, పెద్ద గింజ కట్టిన సాంజోవేసే తీగలను ఏరాడు. ఆ తీగలనే అంటు కట్టాడు. ఇంకే ద్రాక్షా కలపలేదు. వచ్చిన వైన్‌ను పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచాడు. అంటే పెట్టుబడి పెట్టి, పంట తీసి, సొమ్ము చేసుకోకుండా చీకట్లో పెట్టి తాళం వేశాడన్నమాట!

అలా వచ్చిన తొలి గొప్ప పంట 1888. తర్వాతిది 1891. అన్ని పంటలకూ 'రిజర్వా' ముద్ర వేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. ముదురు తీగలకు కాసిన ద్రాక్ష కావాలి, ఏడాది కూడా కలిసి రావాలి. 1888 నుంచి 1945 దాకా యాభై ఏడేళ్లలో ఆ గౌరవం దక్కింది నాలుగే నాలుగు పంటలకు... 1888, 1891, 1925, 1945. మధ్యలో ముప్పై నాలుగేళ్ల ఖాళీ చూడండి. పుట్టిన పిల్లాడికి పెళ్లయి పిల్లలు పుట్టేంత కాలం!

ఫెరూచ్చో 1917లో కన్నుమూశాడు. కొడుకు తాంక్రెదీ వైన్ తయారీ శాస్త్రం చదువుకున్నవాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యాలు టస్కనీ మీదుగా వెళ్తున్నప్పుడు నేలమాళిగలో పాత సీసాల ముందు గోడ కట్టించి వాటిని దాచాడని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. సైనికుల దాహానికి 1891 అయినా ఒకటే, నిన్నటిదైనా ఒకటే కదా. ఆ గోడే లేకపోతే ఈ కథలో చాలా భాగం ఉండేది కాదు.

మిగతావాటి కోసం ఒకటి

ఎంత మంచి వైన్‌కైనా బిరడాతోనే గండం. అది చెట్టు బెరడే కదా. పాతికేళ్లో ముప్పై ఏళ్లో గడిచేసరికి మెత్తబడుతుంది, పొడి రాలుతుంది. సీసాలో వైన్ మట్టం కొంచెం కొంచెం తగ్గుతుంది. మెడ దాకా ఉన్నది భుజం దాకా దిగుతుంది. తగ్గిన చోటంతా గాలి చేరుతుంది. ఆ గాలే లోపలున్నదాన్ని చంపేస్తుంది.

1927లో తాంక్రెదీ దీనికి ఒక మందు కనిపెట్టాడు. మందు అనేకంటే శస్త్రచికిత్స అంటే బాగుంటుంది. తండ్రి చేసిన 1888, 1891 సీసాల బిరడాలు తీశాడు. ఒక్కో సీసాను వాసన చూసి, రుచి చూసి, బాగున్నవాటిని ఏరాడు. తగ్గిన మట్టాన్ని నింపి, కొత్త బిరడా బిగించి మళ్లీ పడుకోబెట్టాడు. దేనితో నింపాడు? నీళ్లతో కాదు. కొత్త వైన్‌తోనూ కాదు. 1891 సీసాలో 1891దే పోయాలి. అందుకని వాటిలోంచే ఒక సీసాను పక్కన పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా మిగతా సీసాల్లో పంచాడు. మిగతావి బతకడానికి ఒకటి ఖాళీ అయిపోయింది.

ఇటలీ భాషలో దీన్ని 'రికొల్మతూరా' అంటారు. తిరిగి నింపడం. వినడానికి తేలికే. ఆ గదిలో నిలబడ్డవాడి పరిస్థితి ఆలోచించండి. తండ్రి పోయి పదేళ్లయింది. ఆయన చేతి సీసాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. వాటిలో దేన్ని వదులుకోవాలో తనే తేల్చాలి. బిరడా తీసేదాకా లోపలిది బతికుందో లేదో తెలియదు. తీశాక ఆలస్యం చేయడానికి లేదు. వద్దులే అని ఊరుకుంటే అన్నీ కలిసి మెల్లగా చస్తాయి. నిజానికి ఇంట్లో పెద్దవాళ్లు దాచిపోయిన ఏ వస్తువుతోనైనా ఇదే ఇబ్బంది. ముట్టుకుంటే భయం, ముట్టుకోకపోతే నష్టం.

1970లో రెండోసారి ఈ పని జరిగింది. ఆ ఏడాదే తాంక్రెదీ కూడా వెళ్లిపోయాడు. ఎస్టేట్ ఆయన కొడుకు ఫ్రాంకో చేతికొచ్చింది. ఫ్రాంకో దీన్ని ఇంటి ఆచారంగా మార్చాడు. తమ దగ్గర కొన్న పాత సీసాలను కొనుగోలుదారులు తిరిగి తెచ్చుకుంటే, తెరిచి, రుచి చూసి, సరిగ్గా ఉన్నవాటిని అదే ఏటి వైన్‌తో నింపి, కొత్త బిరడా వేసి పంపేవాడు. దూరం నుంచి ఇరవై ముప్పై ఏళ్ల సీసాను ఒళ్లో పెట్టుకుని వచ్చినవాడికి ఆ గదిలో గుండె దడగానే ఉండేది. 'ఇది పోయింది' అని పెద్దాయన తేలిస్తే, మరిక దానికి చికిత్స లేదు.

1994లో గ్రెప్పోలోనే వైన్ రచయితలను, నిపుణులను కూర్చోబెట్టి 1888 నుంచి 1988 దాకా, నూరేళ్ల రిజర్వాలను వరసగా రుచి చూపించాడు ఫ్రాంకో. ముత్తాత కాలం తీగల సంతానం, తాత చేసిన సీసాలు, నాన్న పోసిన వైన్, తన సొంత పంట... అన్నీ ఒకే బల్ల మీద. నూరేళ్లు దాటిన 1891 వైన్ అప్పటికీ ప్రాణంతో ఉందని వాళ్లంతా చూశారు.

గ్లాసులో అరగంట

సరే, ఇప్పుడు ఒక 1955 సీసా బిరడా తీస్తే ఏం జరుగుతుంది?

ముందు రోజే సీసాను లేపి నిలబెడతారు, మడ్డి అడుగుకు చేరడానికి. కదపకూడదు. లేబుల్ మీద తేమ మరకలుంటాయి, ఒక్కోసారి అంచులు చిరిగి ఉంటాయి. బిరడా తీయడం అసలు పరీక్ష. మామూలు మరమేకును తిప్పితే పాత బిరడా ముక్కలై లోపల పడుతుంది. అందుకని రెండు పల్చటి రేకుల్లాంటి కాళ్లున్న పనిముట్టును బిరడాకు, గాజుకు మధ్య దింపి, అటూ ఇటూ ఊపుతూ పైకి లాగుతారు. పాత వైన్లు తీసేవాళ్ల చేతులు ఆపరేషన్ థియేటర్లో నర్సు చేతుల్లా ఉంటాయి.

తర్వాత ఒక వాదం ఉంది. కొందరు వైన్‌ను వెడల్పాటి గాజు కూజాలోకి వంపుతారు. సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టి, ఆ వెలుగులో మడ్డి కదిలి మెడ దగ్గరికి రాగానే వంపడం ఆపేస్తారు. ఫ్రాంకోకు అది నచ్చేది కాదు. బిరడాను చాలా గంటల ముందే తీసి, మెడలోంచి కాస్త వైన్ తగ్గించి, సీసాలోనే ఊపిరి పీల్చుకోనివ్వమనేవాడు. వృద్ధులను ఒక్కసారిగా ఎండలోకి లాగకూడదు కదా, నీడపట్టున కాసేపు కూర్చోబెట్టి తీసుకురావాలి. ఆయన లెక్క అదే కావచ్చు.

గ్లాసులో పోయగానే చూసేది రంగు. తెల్లటి బల్లగుడ్డ మీద గ్లాసును వాల్చి చూస్తారు. అంచుల్లో నారింజ ఛాయ, మధ్యలో ఇటుక రంగు. కాఫీలాగా గోధుమ రంగుకు తిరిగిపోతే అనుమానించాల్సిందే. తర్వాత వాసన. మొదటి నిమిషాల్లో మంచి వాసన రాకపోవచ్చు. దశాబ్దాలు మూసి ఉంచిన గది తలుపు తీసినట్లు కొంచెం ముక్క వాసన. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, అది ఎంతకీ పోకపోతే మాత్రం బిరడాలోనే దోషం ఉందని అర్థం. ఎన్ని వేల యూరోలు పోసి కొన్నా, సీసా చెత్తబుట్టకే.

అదృష్టం బాగుంటే పది పదిహేను నిమిషాలకు వాసన విచ్చుకుంటుంది. రుచి చూసినవాళ్లు రాసిన వివరాల్లో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఎండిన చెర్రీలు, నారింజ తొక్క, టీ ఆకు, పాత తోలు, పొగాకు, వాన తడిసిన అడవి నేల. ఒక గ్లాసు ద్రాక్షరసంలో ఇన్ని ఎలా పడతాయని నవ్వొస్తుంది కానీ, అవి కవిత్వం కోసం అన్న మాటలు కావు. ప్రకాశం జిల్లాలో పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ల పక్కగా బస్సులో వెళ్లినవాళ్లకు పొగాకు వాసనలో తీపి ఉంటుందంటే వెంటనే అర్థమవుతుంది. సిగరెట్ కంపుకు, దానికి పోలికే లేదు.

నోట్లో వేసుకుంటే మొదట తెలిసేది పులుపు. డెబ్భై ఏళ్లైనా ఆ పులుపు బతికే ఉంటుంది, బ్రునెల్లో బలమే అది. వగరు మాత్రం పోయి, దాని జాడ మాత్రమే నాలుక పక్కల్లో నూలుపోగులా తగులుతుంది. మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. మామూలు వైన్ గుటక దిగగానే ఐపోతుంది. ఇది మాటల మధ్యలో కూడా వెంట ఉంటుంది.

అయితే ఈ భాగ్యం ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. కొన్ని సీసాలు సాయంత్రమంతా నిలబడతాయి. కొన్ని అరగంటలో అందమంతా చూపించి, కళ్లముందే చప్పబడతాయి. గ్లాసు పట్టుకున్న మనిషి మాటల్లో పడి తలతిప్పేలోపు ఐపోవచ్చు. 'పాత వైన్లలో గొప్ప వైన్ అంటూ ఉండదు, గొప్ప సీసా ఉంటుంది' అని ఈ రంగంలో ఒక నానుడి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు సీసాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకడు ప్రయోజకుడు, రెండోవాడి సంగతి అడక్కూడదు.

ఒక్క రాత్రిలో ఆరేళ్లు

చట్టం ప్రకారం బ్రునెల్లోను పంట కోసిన తర్వాత ఐదో ఏడు జనవరి 1 దాకా అమ్మకూడదు. రిజర్వా అయితే ఆరో ఏడు. అంటే మోంతల్చీనోలో ప్రతి రైతు నేలమాళిగలోనూ అమ్ముడుపోని నాలుగైదేళ్ల కష్టం ఎప్పుడూ పీపాల్లో నిద్రపోతుంటుంది.

జాన్‌ఫ్రాంకో సోల్దేరా అని ఇంకో పేరున్న తయారీదారు ఉండేవాడు. పట్టుదల మనిషి. కాసే బాస్సే అనే తన తోట వైన్‌ను చట్టం చెప్పినదానికంటే ఎక్కువ కాలమే పీపాల్లో ఉంచేవాడు. 2012 డిసెంబరులో ఒక రాత్రి ఒకడు ఆ నేలమాళిగలోకి చొరబడి పీపాల కుళాయిలు తిప్పేశాడు. 2007 నుంచి 2012 దాకా ఆరు పంటలు, అరవై రెండు వేల లీటర్లకు పైగా వైన్, తెల్లారేసరికి కాలువలో కలిసింది. దొంగ ఒక్క సీసా కూడా పట్టుకెళ్లలేదు. పట్టుబడ్డది అక్కడే పనిచేసి మానేసినవాడు. కోర్టు శిక్ష వేసింది. కానీ 2007 ఎండను, వానను తిరిగి రప్పించే కోర్టు ఎక్కడుంది? సోల్దేరా అప్పటికే డెబ్భై అయిదు దాటాడు. మళ్లీ పీపాలు నింపడం మొదలుపెట్టాడు. 2019లో చనిపోయాడు.

పెద్దాయన తర్వాత

ఫ్రాంకో బియోందీ సాంతీ మొండిమనిషి. 1980, 90ల్లో మిగతా తయారీదారులు చాలామంది ఫ్రాన్స్ తరహా చిన్న కొత్త పీపాలకు మారి, సీసా కొన్న రోజే మెత్తగా, తియ్యగా అనిపించే వైన్లు చేశారు. విమర్శకులు వాటికి మార్కులు గుప్పించారు. ఫ్రాంకో మాత్రం నాన్న వాడిన పెద్ద స్లవోనియన్ ఓక్ పీపాలనే వాడాడు. ఆయన కొత్త వైన్లు పుల్లగా, వగరుగా ఉన్నాయని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. కొడుకు యాకొపోకు కూడా తండ్రి దారి పూర్తిగా నచ్చలేదు. మరెమ్మా వైపు సొంతంగా వేరే ఎస్టేట్ చూసుకుని, త్వరగా తాగదగ్గ వైన్లు చేశాడు. తరాల మధ్య ఈ పేచీ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. స్వీట్ల దుకాణాల్లో, చీరల కొట్లలో రోజూ చూసేదే.

2008లో మోంతల్చీనోలో పెద్ద రచ్చ అయింది. కొందరు తయారీదారులు బ్రునెల్లోలో చట్టానికి విరుద్ధంగా వేరే ద్రాక్ష కలుపుతున్నారని దర్యాప్తు మొదలైంది. ఫెరూచ్చో సాంజోవేసే ఒక్కటే చాలన్న నూట ఇరవై ఏళ్ల తర్వాత ఊరంతా మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది. నిబంధన సడలించాలా వద్దా అని తయారీదారులు ఓటేసుకున్నప్పుడు వద్దన్నవాళ్లే గెలిచారు. బ్రునెల్లో అంటే నేటికీ నూరుపాళ్లూ సాంజోవేసేనే.

ఫ్రాంకో 2013 ఏప్రిల్‌లో తొంభై ఒకటో ఏట వెళ్లిపోయాడు. 2016 చివర్లో గ్రెప్పోలో అధిక వాటా ఫ్రాన్స్‌కు చెందిన ఈపీఐ గ్రూపు చేతికి మారింది. తాత తాత ఇచ్చిన తోట, ఇంటిపేరుతో సహా, వేరే దేశపు కంపెనీదయింది. 1955 సీసాలకు ఆ సంగతి తెలియదు. ఆ ద్రాక్ష కోసినప్పుడు ముప్పై మూడేళ్ల కుర్రాడు ఫ్రాంకో, పక్కన తండ్రి. ఇద్దరూ లేరు. సీసాలు పడుకునే ఉన్నాయి.

వాటిలో ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట ఏ పెళ్లిరోజుకో, ఏ డెబ్భయ్యో పుట్టినరోజుకో తెరుచుకుంటూనే ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ లోకంలో ఒకటి తగ్గుతుంది. అందరూ లేచి వెళ్లాక సీసాలో మిగిలేది వేలెడు మడ్డి. గ్లాసుల్ని మాత్రం అలవాటున్నవాళ్లు ఆ రాత్రి కడగరు. బల్ల మీద అలాగే వదిలేస్తారు. మర్నాడు పొద్దున కాఫీకి ముందు వచ్చి, ఎండిపోయిన ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు, వాసన ఇంకా ఉందేమోనని.